వదిన లాగ్ ఫైళ్ళు సర్దిన వానాకాలం

మా డయాలసిస్ కేంద్రంలో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మొరాయించిన రోజుకి, నేను ఆ ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు. బిలాస్‌పూర్‌లో లాల్‌ఖదాన్ వైపు వెళ్ళే రోడ్డు మీద, రైలు పట్టాలకి కాస్త ఇవతల, ఒక రెండంతస్తుల మేడలో ఉంటుంది మా కేంద్రం. కింద వెయిటింగ్ హాలు, పైన మిషన్లు. పొద్దున్న షిఫ్టు పేషెంట్లు దుప్పటీ, టిఫిను డబ్బా ఉన్న సంచులు పట్టుకుని ఆటోల్లోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. కౌంటర్లో అమ్మాయి పేరు కొడుతోంది. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరిగి తిరిగి ప్రోగ్రాం మూసుకుపోతోంది. పేషెంటు క్రితంసారి బరువెంత, ఒంట్లోంచి ఎంత నీరు తీశారు, ఏ మందు ఇచ్చారు, అన్నీ అందులోనే ఉంటాయి. అది తెరుచుకోకపోతే పైన టెక్నీషియన్ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఆ ప్రోగ్రాం రాసిన బయటి కంపెనీ అప్పటికే మూతపడింది. వాళ్ళు వదిలేసి పోయిన దాన్ని చూసుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. సర్వర్ల పని మాత్రం కేంద్రం తెరిచిన నాటినుంచీ మా వదినది. మా అన్నయ్య భార్య. అక్కడ ఖాళీ ఉందని నాకు చెప్పిందీ తనే. "చేరితే చేరు గాని, ఆఫీసులో నేను నీకు వదినని కాదు, అర్థమయిందా?" అని ముందే హెచ్చరించింది. హెచ్చరించిన మనిషే నేను చేరిన రోజు మధ్యాహ్నం నా డబ్బాలో కూర చాలదని తన డబ్బాలోది సగం తీసి వేసింది.

నేను ఫోను చేసేసరికి తలంటుకుంటోందట. తడి జుట్టు అలాగే ముడేసుకుని స్కూటీ మీద వచ్చేసింది.

"ఏటయ్యింది?"

"ఏం చేసినా సేవ్ అవటం లేదు వదినా. ప్రోగ్రాం దానంతటదే పడిపోతంది. కుఛ్ సమఝ్ నహీ ఆ రహా."

నేను పుట్టి పెరిగింది ఈ ఊరి రైల్వే క్వార్టర్లలో. కంగారు పుడితే నా తెలుగు సగంలో ఆగిపోతుంది, ఏమీ అర్థం కావటం లేదన్న మాట కూడా హిందీలోనే వస్తుంది.

వదిన సర్వరు గదిలోకి వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు. ముందు మెట్లెక్కి పైకి వెళ్ళి టెక్నీషియన్‌ని పిలిచింది. క్రితంసారి చికిత్స వివరాలు రోజూ సాయంత్రం వేరే కంప్యూటర్లోకి కాపీ అవుతాయనీ, అది చెడలేదనీ, దాంట్లోంచి ఈ పొద్దుటి పేషెంట్ల కాగితాలు తీసి ఇస్తాననీ చెప్పింది. "బరువు, బీపీ మీరు కాగితం మీద రాసుకుంటూ మొదలుపెట్టీండి భయ్యా. మధ్యాహ్నం మేమే ఎక్కిస్తాం," అని హిందీలో అతనికి ధైర్యం చెప్పింది. మొదటి పేషెంటుని మిషన్‌కి తగిలించాకే కిందికి దిగింది.

సర్వరు గది అంటే పెద్ద బీరువా అంత ఉంటుంది. వదిన కూర్చుంటే నేను గుమ్మంలో నిలబడాలి. రెండు మూడు కమాండ్లు కొట్టి తెర నా వైపు తిప్పింది. డిస్కు నిండిపోయింది. ఒక్క అక్షరం రాయడానికి చోటు లేదు. చోటంతా తినేసింది ఒకే ఒక్క ఫైలు, మా ప్రోగ్రాం లాగ్.

లాగ్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ప్రోగ్రాం తాను ఏ క్షణాన ఏం చేస్తోందో వెనకాల ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఎప్పుడైనా చెడిపోతే, ఎక్కడ చెడిందో వెతుక్కోవడానికి. మా ప్రోగ్రాం మాత్రం పుట్టిన నాటినుంచీ ఒకే ఫైల్లో రాస్తూ ఉంది. దాన్ని మాలో ఎవరూ తెరిచి చదవలేదు, ఎవరూ ఆపలేదు.

"తుడిచీ వదినా, అయిపోద్ది," అన్నాను.

"తుడిచీడం ఎంతసేపు పిల్లా? ఇది ఇన్నాళ్ళూ ఏటి వాగిందో చూడకుండా తుడిచీస్తే మళ్ళీ వాగుతాది, మళ్ళీ నిండుతాది."

ఆ డిస్కులోనే ఎప్పటివో పాత ఇన్‌స్టాలేషన్ ఫైళ్ళు ఉంటే అవి తీసేసి కాస్త చోటు చేసింది. ప్రోగ్రాం మళ్ళీ మొదలైంది. కౌంటర్లో అమ్మాయి అక్కడినుంచే బొటనవేలు ఎత్తి చూపించింది. తర్వాత వదిన ఆ లాగ్ ఫైలుని కుదించి వేరే డిస్కులోకి కాపీ తీసుకుంది, కాపీ సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూసింది, అప్పుడు అసలు ఫైలుని ఖాళీ చేసింది. అంతా అయ్యాక జుట్టు విప్పి ఆరబెట్టుకుంది.

వదినని అలా పనిలో చూడటం నాకు అదే మొదలు. నాకు తెలిసిన వదిన వేరు. విజయనగరం వైపు నుంచి కోడలిగా మా క్వార్టరుకి వచ్చి, మా అమ్మ మాటకి ఎదురు మాట్లాడకుండానే వంటింట్లో సామాన్లన్నీ తనకి నచ్చిన చోట్లకి మార్చేసిన మనిషి. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పనిచేసే మా అన్నయ్య డ్యూటీ ఏ వేళకి పడితే ఆ వేళకి వేడన్నం పెట్టే మనిషి. తెలుగు కూడబలుక్కుని చదివే నా చేత వారపత్రికలు పైకి చదివించి, ఒత్తులు మింగేస్తే నెత్తి మీద మొట్టికాయ వేసిన మనిషి. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునేదని విన్నాను గాని, ఆ మాటకి అర్థం నాకు తెలియదు. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే ఉండిపోయింది. ఈ కేంద్రం తెరుస్తున్నారని తెలిసిన రోజున మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఉద్యోగం తెచ్చుకుని, సాయంత్రం టీ ఇస్తూ చెప్పిందట. మా అమ్మ ఇప్పటికీ ఆ టీ సంగతి తలుచుకుంటుంది.

కంప్యూటర్లు మొరాయించిన మర్నాటి నుంచి మధ్యాహ్నాలు, ఒక షిఫ్టు పేషెంట్లు వెళ్ళి మరో షిఫ్టు వాళ్ళు వచ్చేలోపు, మేమిద్దరం ఆ లాగ్ చదవడం మొదలుపెట్టాం. చదవడం అంటే నిజంగా చదవడమే. వదిన డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటూ, తెర మీద లైన్లు ఒక్కొక్కటే పైకి జరుపుతూ అడిగేది. "ఇది ఎవరు రాస్తన్నారు? ఏల రాస్తన్నారు? ఇది చూసి మనం ఏటి చేస్తాం?" మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోతే ఆ లైను అక్కర్లేదని అర్థం.

అక్కర్లేనివే ఎక్కువ. ఎవరో తెర తెరిచారు. ఎవరో మౌసు కదిపారు. ప్రోగ్రాం మేడ మీది ప్లాంటుని నీళ్ళ రీడింగ్ అడిగింది, నీళ్ళ రీడింగ్ వచ్చింది, మళ్ళీ అడిగింది, మళ్ళీ వచ్చింది. ప్రోగ్రాం రాసినవాళ్ళు తమ పరీక్షల కోసం పెట్టుకున్న మాటలు అవి. వెళ్ళేటప్పుడు ఆపడం మర్చిపోయారు. ఆ రొద మధ్య నిజమైన తప్పు ఎక్కడైనా ఉన్నా కంటికి ఆనదు.

అలా జరుపుతూ జరుపుతూ ఒకచోట వదిన చెయ్యి ఆగిపోయింది. ఆ లైన్లో ఒక పేషెంటు పేరు, ఫోను నంబరు, ఇంటి చిరునామా, పక్కనే జబ్బు వివరాలు, అన్నీ పొడుగ్గా ఉన్నాయి. కొత్త పేషెంటుని ఎక్కించినప్పుడల్లా ప్రోగ్రాం ఆ వివరాలన్నీ ఉన్నవి ఉన్నట్టు లాగ్‌లో కక్కేస్తోంది. ఆ పేరు మాకిద్దరికీ తెలిసినదే. మా నాన్నతో కలిసి పని చేసి రిటైరైన లోకో పైలట్. మేం బాబాయి అని పిలిచే మనిషి. వారానికి మూడుసార్లు వస్తాడు. అందరితో పాటు హాల్లో కాక పక్క గదిలో ఉన్న మిషన్ మీద పడుకుంటాడు. ఎందుకని ఎవరైనా అడిగితే ఆ గదిలో ఏసీ బాగుంటుందని చెప్తాడు.

వదిన టక్కున లాప్‌టాప్ తెర కిందికి దించేసింది.

"నువ్వు చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు."

"లేదు వదినా," అన్నాను. నిజంగానే నేను పేరు దాటి చదవలేదు. ఆమె అంత తొందరగా దించేసింది.

అన్నం డబ్బా మూత పెట్టి లేచింది. మా మేనేజరు రాయ్‌పూర్ వైపు మనిషి. మంచివాడే గాని కంప్యూటర్ మాట వస్తే భయం. ఏదీ పారేయకూడదు, అన్నీ ఉంచాలి, ఎవరైనా వచ్చి అడిగితే చూపించాలి అన్నది ఆయన పద్ధతి. వదిన ఆయన ఎదుట కూర్చుని విషయం చెప్పింది.

"సబ్ రఖియే మేడమ్," అన్నాడు ఆయన. "రేపు ఎవరైనా తనిఖీకి వస్తే ఏం చూపిస్తాం?"

"చికిత్స వివరాలు వేరు సార్. అవి డేటాబేస్‌లో ఉన్నాయి, రోజూ కాపీ అవుతున్నాయి. వాటిని ఎన్నేళ్ళు ఉంచాలో డాక్టర్ గారు చెప్పినట్టు ఉంచుదాం. ఈ లాగ్ ప్రోగ్రాం ఎలా నడిచిందో చెప్పడానికే. ఇందులో పేషెంటు పేరు, రోగం ఎందుకు?"

"ఉంటే నష్టమేమిటి? మన దగ్గరే కదా ఉంది."

"ఇదివరకు ప్రోగ్రాం చెడినప్పుడల్లా ఆ కంపెనీవాళ్ళు ఈ ఫైలు పంపమనేవారు, మనం మెయిల్లో పంపేవాళ్ళం. గుర్తుందా సార్? ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆ ఫైళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పగలమా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు ఎలా చెయ్యాలనుకుంటే అలా చెయ్యండి," అన్నాడు చివరికి. ఆ కంపెనీ నడిపినవాళ్ళ ఫోను నంబర్లు వెతికి, వాళ్ళ దగ్గరున్న ఫైళ్ళు తీసేయమని రాతపూర్వకంగా అడిగించిందీ వదినే. వాళ్ళు తీసేశామని జవాబిచ్చారు. నమ్మడం తప్ప దారి లేదు గాని, అడగకుండా ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

అప్పుడు అసలు పని మొదలైంది. లాగ్‌లో రాసే ప్రతి మాటకీ ఒక స్థాయి ఉంటుంది. పరీక్షల కోసం రాసుకునేవి అన్నిటికన్నా కింద. మామూలు సమాచారం దానిపైన. హెచ్చరిక ఇంకా పైన, తప్పు ఆపైన. ఫలానా స్థాయికి కిందివి రాయొద్దని ఒక్క మాట చెబితే చాలు, ప్రోగ్రాం రొద ఆగిపోతుంది. నాకు అదే సులువనిపించింది. వదిన ఒప్పుకోలేదు. కిందిస్థాయిలో పడున్న వాటన్నిటినీ ఒకసారి చూడాలంది. "రాసినోళ్ళు ఏది ఎక్కడ పెట్టారో మనకేటి తెలుసు? పనికొచ్చేది అడుగున పడీసి ఉంటే?"

అలా చూస్తుండగానే ఆ లైను కనబడింది. నీళ్ళ రీడింగ్ రాలేదు, పాతదే చూపిస్తున్నాను అని దాని భావం. అట్టడుగు స్థాయిలో, మౌసు కదలికల పక్కన పడి ఉంది.

డయాలసిస్‌కి నీళ్ళే ప్రాణం. మేడ మీద శుద్ధిచేసే ప్లాంటు ఉంటుంది. ఆ నీళ్ళలో లవణాలు ఎంత ఉన్నాయో ఒక మీటరు కొలిచి మా ప్రోగ్రాంకి పంపుతుంది. మిషన్లున్న హాల్లో గోడ మీది తెరపై ఆ అంకె పచ్చరంగులో కనిపిస్తుంది.

"పిల్లా, రీడింగ్ రాకపోతే హాల్లో తెర మీద ఏటి కనిపిస్తాది?"

నేను కోడు తెరిచి చూశాను. ఆఖరుసారి వచ్చిన అంకె అలాగే ఉంటుంది. పచ్చగానే ఉంటుంది.

వదిన చేతిలో ముద్ద అలాగే ఉంది. "పచ్చగానా?"

ఇద్దరం పైకి వెళ్ళి టెక్నీషియన్‌ని అడిగాం. రోజూ పొద్దున్న మొదటి షిఫ్టుకి ముందు చేతి మీటరుతో తాను స్వయంగా నీళ్ళు కొలుస్తాననీ, ఆ తర్వాత రోజంతా తెర చూసుకుంటాననీ అతను చెప్పాడు. తెర మీది అంకె పాతది కూడా కావచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. వదిన విషయం చెప్పగానే అతను గోడ వైపు చూశాడు. ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టుకి ముందూ చేతి మీటరు తీయడం మొదలుపెట్టాడు.

ఆ లైనుని వదిన అడుగునుంచి తీసి హెచ్చరికల్లో పెట్టించింది. రీడింగ్ ఆగితే తెర మీద అంకె పోయి బూడిదరంగు గీత రావాలని నా చేత రాయించింది. తనకీ, నాకూ, టెక్నీషియన్‌కీ, మా ముగ్గురి ఫోన్లకీ కబురు రావాలంది. ఆ కబురు హిందీలో, ఎవరైనా చదివి అర్థం చేసుకునేలా ఉండాలంది. నేను రాసిన మొదటి వాక్యం చదివి, "దీన్ని కౌంటర్ అమ్మాయికి చూపించీ. ఆమెకి అర్థమైతే ఉంచు," అంది. ఆమెకి అర్థం కాలేదు. మూడోసారికి అయింది.

ఇక ఫైళ్ళ సంగతి. రోజుకొక ఫైలు. ఆ రోజుది అయిపోగానే దాన్ని పక్కన పెట్టి కొత్తది తెరవాలి. పక్కన పెట్టినవాటిని కుదించాలి. నెల దాటినవాటిని తీసేయాలి. ఏదో చెడి ఒకే రోజున విపరీతంగా రాసేస్తే, రోజు పూర్తి కాకపోయినా పరిమాణం చూసి మార్చేయాలి. అన్నిటికీ మించి, లాగ్‌లకి డిస్కులో వేరే భాగం ఇచ్చింది. అది నిండినా పేషెంట్ల వివరాలకి చోటు తక్కువ కాకూడదని. ఈ మార్పిడి అందరూ అర్ధరాత్రి పెట్టుకుంటారు. వదిన మధ్యాహ్నం షిఫ్టుల మధ్య ఖాళీలో పెట్టింది. "మనం డ్యూటీలో ఉన్నప్పుడు జరిగితే, తేడా వస్తే మన కళ్ళముందే వస్తాది."

నేరుగా అసలు సర్వరు మీద పెట్టలేదు. మూలన పడున్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, దాంట్లో మా ప్రోగ్రాం ఎక్కించి, ముందు అక్కడ ప్రయత్నించాం. మొదటి రోజే ఒక వింత జరిగింది. పాత ఫైలు పేరు మారింది, కొత్త ఫైలు పుట్టింది. కాని కొత్త ఫైలు ఖాళీగా ఉంది. ప్రోగ్రాం ఇంకా పాతదాంట్లోనే రాస్తోంది.

"ఇదేంటి? పేరు మార్చేశాం కదా?" అన్నాను.

"నువ్వు డబ్బా మీద చీటీ మార్చినావు. అది డబ్బా వదల్లేదు," అంది వదిన. ప్రోగ్రాంకి ఫైలు పేరుతో పని లేదు. ఒకసారి తెరిచి పట్టుకున్నాక, ఎవరు పేరు మార్చినా, ఆఖరికి తుడిచేసినా, తాను వదిలేదాకా అది అక్కడే ఉంటుంది, చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. కనుక పేరు మార్చాక దాన్ని పలకరించి, పట్టుకున్నది వదిలి కొత్తది తెరుచుకోమని చెప్పాలి. మా ప్రోగ్రాంకి ఆ పలకరింపు వినే చెవి లేదు. అది నేను రాయాలి.

ఇంకో దారి ఉందని నేను ఎక్కడో చదివాను. పేరు మార్చకుండా, ఉన్నదాన్ని కాపీ తీసి, అసలుదాన్ని ఖాళీ చేసేయడం. ప్రోగ్రాంలో ఏమీ మార్చక్కర్లేదు. వదినకి చెప్పాను.

"కాపీకీ ఖాళీకీ మధ్యలో వచ్చిన లైన్లు ఏమవుతాయి?"

"పోతాయి. నాలుగైదేగా."

"ఏ నాలుగైదో తెలిస్తే పోనిద్దుము."

ఆమె గొంతు పెంచలేదు. నేను కూర్చుని రాశాను. నాకు రాని చోట పక్కన కూర్చుని చెప్పింది గాని, కీబోర్డు మాత్రం నా చేతిలోంచి లాక్కోలేదు. రాశాక వదిన పరీక్ష పెట్టింది. ప్రోగ్రాం చేత వరసగా అంకెలు రాయించింది. రాస్తుండగానే ఫైలు మార్పించింది. ఆ తర్వాత రెండు ఫైళ్ళూ కలిపి ఏ అంకైనా తప్పిపోయిందా అని చూసింది. తప్పిపోయింది. మళ్ళీ రాశాను. మళ్ళీ ఒకటి పోయింది. ఆ సాయంత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ. వదిన మాత్రం, "మంచిదే కదా, ఇక్కడే పోయింది," అని నాకో జీడిపప్పు పాకం బిళ్ళ ఇచ్చింది. పుట్టింటి నుంచి వచ్చినవి, సొరుగులో దాచుకుంటుంది. మూడోసారి ఒక్క అంకె కూడా పోలేదు. అప్పుడామె పాత కంప్యూటర్ డిస్కుని కావాలనే చెత్తతో నింపేసింది. లాగ్ భాగం నిండింది, ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. కరెంటు తీసి మళ్ళీ పెట్టింది. అలా దాన్ని ఎన్ని రకాలుగా పాడుచేయవచ్చో అన్ని రకాలుగా పాడుచేసి, ఇంక ఏమీ తోచనప్పుడు, "ఇప్పుడు అసలుదాంట్లో పెట్టీ," అంది.

పెట్టాక మా లాగ్ ఎంత చిన్నదైపోయిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. టీ తాగుతూ ఒక రోజు మొత్తం చదివేయొచ్చు. ఇదివరకు పేషెంటు పేరు, జబ్బు వచ్చిన చోట ఇప్పుడు మా కేంద్రం ఇచ్చిన నంబరు ఒకటే ఉంటుంది.

ఆ తర్వాత వానలు జోరందుకున్నాక ఒక మధ్యాహ్నం, పొద్దుటి షిఫ్టు వాళ్ళు వెళ్ళిపోయి, తర్వాతి వాళ్ళు హాల్లో కూర్చుని ఉన్న సమయంలో పెద్ద ఉరుము ఉరిమింది. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చింది. మా ముగ్గురి ఫోన్లూ ఒకేసారి మోగాయి. నీళ్ళ రీడింగ్ రావటం లేదు, ప్లాంటు చూడండి.

నేను మెట్లెక్కేసరికి గోడ మీద తెరపై బూడిదరంగు గీత ఉంది. టెక్నీషియన్ అప్పటికే చేతి మీటరుతో మేడ ఎక్కేశాడు. దిగి వచ్చినప్పుడు అతని ముఖం చూస్తేనే తెలిసింది. మీటరు ఒక్కటే కాదు, ప్లాంటు ప్యానెల్ కూడా దెబ్బతింది. శుద్ధి కాని నీళ్ళు ట్యాంకులో కలుస్తున్నాయి. మిషన్లకి కూడా తమ కాపలా తమకి ఉంటుందని అతను తర్వాత చెప్పాడు గాని, ఆ క్షణాన దాన్ని నమ్ముకుని ఎవరినీ తగిలించే ఉద్దేశం అతనికి లేదు. డాక్టర్ గారికి ఫోను చేశాడు. షిఫ్టు ఆపమన్నారు.

కింద హాల్లో గొడవ మొదలైంది. బెల్తరా నుంచి బస్సులో వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆలస్యమైతే తిరుగు బస్సు దొరకదు. ఒకాయన కంప్యూటర్ మీద కోపం చూపించాడు. పైన తెర మీద నిన్నటిదాకా లేని గీత ఇప్పుడెందుకొచ్చిందని. వదిన హాలు మధ్యకి వెళ్ళి నిలబడి, ఏమైందో దాచకుండా హిందీలో చెప్పింది. నీళ్ళు చెడ్డాయి, ట్యాంకు ఖాళీ చేసి, బాగుచేసి, కొలిచాకే మొదలుపెడతాం. బస్సు పోయినవాళ్ళని కేంద్రం బండిలో దింపుతాం. మేనేజరు పక్కనే ఉండి తలూపాడు. బండి మాట ఆయన అప్పుడే విన్నాడని నా అనుమానం.

గొణుగుడు పూర్తిగా ఆగలేదు. అప్పుడు గోడ పక్క కుర్చీలోంచి బాబాయి లేచాడు. మనిషి చిక్కిపోయాడు గాని గొంతు ఇంజను మీద మాట్లాడినప్పటిలాగే ఉంది.

"ఏటయ్యా గొడవ? సిగ్నల్ ఎర్రగుంటే బండి ఆపుతాం. ఆపినోడిని తిడతామేటి?" అని మాతో తెలుగులో అని, అందరివైపూ తిరిగి అదే హిందీలో చెప్పాడు. తర్వాత వదినతో, "నీ పని నువ్వు కానీ అమ్మా. మేం కూచుంటాం," అన్నాడు.

"అలాగే బాబాయి. టీ పంపిస్తాను, కొంచెమే తాగాలి మరి," అంది వదిన. ఆమె ముఖంలో ఆ రోజు లాగ్‌లో కనబడినదాని జాడ లేదు, ఒక అన్న కూతురు బాబాయిని చూసే చూపు తప్ప మరేమీ లేదు. ఆ చూపు చూసి ఆమె మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో పెట్టలేను.

మెకానిక్ వచ్చాడు, ప్యానెల్‌లో కాలిపోయిన ముక్క మార్చాడు. ట్యాంకు ఖాళీ చేసి కడిగి నింపారు. టెక్నీషియన్ మళ్ళీ మళ్ళీ కొలిచాడు. దీపాలు పెట్టే వేళకి షిఫ్టు మొదలైంది. అందరికీ చికిత్స సవ్యంగా జరిగింది. కేంద్రం బండి బెల్తరా దాకా రెండుసార్లు తిరిగింది.

డాక్టర్ గారు వచ్చి వదినని పేరుపెట్టి మెచ్చుకున్నారు. ఆమె నమస్కారం పెట్టి, వెంటనే నా వైపు తిరిగి తన ఫోను చూపించింది. ప్లాంటు ఆగినంతసేపూ అదే హెచ్చరిక నిమిషనిమిషానికీ వస్తూనే ఉంది. "ఇలా మోగితే రెండోసారికి జనం ఫోను మూసీసుకుంటారు. ఆగినప్పుడు ఒకసారి, మళ్ళీ వచ్చినప్పుడు ఒకసారి. చాలు. రేపు మార్చీ." అంత మెప్పులోనూ ఆమెకి కనిపించింది అది.

ఇంటికి వెళ్ళాక అన్నయ్యకి నేను ఇదంతా చెబుతుంటే, వదిన వంటింట్లోంచి, "చాల్లే, అన్నం తినండి," అంది. అన్నయ్య కంచం ముందు కూర్చుని చాలాసేపు వంటింటి వైపే చూశాడు. షెడ్డులో తన పని గురించి గంటలు మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం, లాగ్ అంటే ఏమిటి, ఎందుకు మార్చాలి అని ఆమెని ఒక్కొక్కటే అడిగాడు. ఆమె వడ్డిస్తూ చెప్పింది.

ఆ చలికాలంలో మావాళ్ళు బెల్తరాలోనే ఒక చిన్న కేంద్రం తెరిచారు. అక్కడి సర్వరు సర్దే పని కూడా వదినకే ఇచ్చారు. నన్ను వెంటబెట్టుకుని బస్సులో వెళ్ళింది. అక్కడ ఇద్దరు ఆపరేటర్లు, ఆ చుట్టుపక్కల అమ్మాయిలే. లాగ్ అన్న మాట వాళ్ళు వినడం అదే మొదలు. వదిన పాఠం ఏమీ చెప్పలేదు. తన వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో నాలుగు మాటలు కలిపి వాళ్ళని నవ్వించి, ఒకమ్మాయి చేతికి నీళ్ళ మీటరు వైరు ఇచ్చింది.

"పీకు," అంది.

ఆ అమ్మాయి భయపడింది. "ఏమైనా అయితే?"

"ఏమవుతుందో చూడ్డానికే. ఇవాళ పేషెంట్లు లేరు. పీకీ."

పీకింది. తెర మీద అంకె పోయి గీత వచ్చింది, ఫోను మోగింది. ఆ అమ్మాయి కబురు పైకి చదివి, తనే ప్లాంటు వైపు నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి నవ్వింది. ఎవరూ చెప్పకుండానే ఏం చెయ్యాలో ఆమెకి తెలిసింది. తర్వాత రెండో అమ్మాయి తనకీ కావాలని వైరు అడిగి తీసుకుంది. వదిన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, వాళ్ళిద్దరూ వంతులవారీగా పీకుతూ తగిలిస్తూ ఉంటే చూస్తూ నిలబడింది. తిరుగు బస్సు వేళయిందని నేను గుర్తుచేస్తే, "ఇంకోసారి చెయ్యనీ," అంది.